మూడు రింగులు ఇచ్చిన గదా!

ఫోనంటే మాట్లాడుకోవడానికని మా ఇంట్లో ఎవరికీ తెలియని రోజులవి. నవ్వకండి, ఆ రోజుల్లో గోదావరిఖనిలో సగం క్వార్టర్లు మా ఇంటి లాంటివే. ఫోను మోగాలి, ఆగాలి, అంతే. ఎత్తితే డబ్బులు పోతాయి కాబట్టి ఎత్తినవాళ్లు తెలివితక్కువ వాళ్లు. మా బాపుది బాయి పని (నీళ్ల బావి కాదు, బొగ్గు గనిని మా దగ్గర బాయి అంటాం). లోపలికి సెల్లు తీసుకుపోనివ్వరు కాబట్టి పైనే పెట్టెలో పెట్టి దిగేవాడు, షిఫ్టు అయిపోయి పైకి రాగానే ఇంటికి రింగిచ్చేవాడు. ఒక రింగిచ్చి కట్ చేస్తే క్షేమంగా పైకొచ్చానని. రెండయితే డబుల్ డ్యూటీ పడింది, ఎదురు చూడొద్దని. మూడయితే మటన్ తెస్తున్నాను, మసాలా నూరమని. నాలుగయితే వెంట చుట్టాలున్నారని. ఐదు మాత్రం ఎన్నడూ మోగలేదు. ఐదంటే దవాఖానకు రమ్మని. (దెబ్బ తగిలినప్పుడు కూడా మాట్లాడకుండా ఐదు రింగులిచ్చి ఊరుకోవాలన్న తెలివి ఎవరిదో వేరే చెప్పాలా?)

మా అమ్మకు ఆ లెక్క బైబిలు వాక్యం కన్నా బాగా కంఠతా వచ్చు. మొదటి షిఫ్టు రోజుల్లో మధ్యాహ్నం మూడు దాటిందంటే ఆమె చెయ్యి ఏ పని మీద ఉన్నా చెవి ఫోను మీదే ఉండేది. ఫోను మోగగానే గరిటె పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగిపోయేది. "ఒకటి" అనేది పైకే. ఆగిపోయిందా, "దేవునికి స్తోత్రం" అని మళ్లీ కూర కలిపేది. ఆగకపోతే రెండు, మూడు, నాలుగు వరకు ఆమె ఊపిరి తీసుకోవడం నేను చూడలేదు. నాకేమో వయసు పొగరు. "ఎత్తి మాట్లాడితే అయిపాయె గదనే, ఈ లెక్కలేంది?" అంటే, "ఎత్తితే లెక్క తప్పుతది బిడ్డా" అనేది. ఆ లెక్క నా డిగ్రీ సిలబస్‌లో కూడా లేదు.

డిగ్రీ అయ్యాక దొరికిన ఉద్యోగం ఏమిటనుకున్నారు? చౌరస్తాలో ఒక ఫోన్ కంపెనీ గొడుగు కింద నిలబడి సిమ్‌లు అమ్మడం. రెండు నెలల్లో నా అసలు పేరు పోయి 'గొడుగు పిల్ల' అయింది. మా మీద ఒక పెద్ద సారు ఉండేవాడు. మే నెల ఎండలో కూడా టై తీసేవాడు కాదు కాబట్టి ఆయన్ని టై సారు అనుకునేవాళ్లం. అప్పుడప్పుడే ఇంటర్నెట్ మీద ఫోన్లు మాట్లాడుకోవడం మొదలైంది. టై సారు మమ్మల్ని వరసగా నిలబెట్టి, "చూడండమ్మా, ఇన్నాళ్లూ మనకు పోటీ పక్క కంపెనీ. ఇప్పుడు పోటీ కస్టమర్ ఫోన్ లోపలే కూర్చుంది. మన నెట్ వాడుకుంటూ మన కాల్స్‌నే మింగేస్తోంది. నెట్ కాల్ పనికిరాదని జనానికి చెప్పండి" అన్నాడు. చెప్పమంటే మనం ఊరుకుంటామా! గొడుగు కింద గొంతు చించుకున్నాను. "అన్నా, నెట్ కాల్‌ను నమ్మకు! మాట ఆడ ఆగి ఈడికి తీరుబాటుగ వస్తది! నువ్వు కట్ చేసినా అవుతల ఫోను మోగుతనే ఉంటది!" ఈ చివరి మాట నేనే కనిపెట్టి చేర్చాననుకుని మురిసిపోయాను. నిజానికి సిగ్నల్ సరిగా లేని చోట అది అక్షరాలా నిజమే. ఈ సంగతి గుర్తుంచుకోండి, నేను మాత్రం మరిచిపోయాను.

నాలుగు నెలలు తిరిగాయో లేదో, పక్క కంపెనీవాడు నెట్ ప్యాకులు చవక చేసేశాడు. జనం అటు ఉరికారు. టై సారు మళ్లీ మమ్మల్ని వరసగా నిలబెట్టాడు. "చూడండమ్మా, ఇకమీదట మనం నిమిషాలు అమ్మం, నెట్ అమ్ముతాం. నెట్ కాల్ అంత గొప్పది లేదని చెప్పండి." చెప్పాను. అదే గొడుగు, అదే గొంతు. కూరగాయలు అమ్మే అవ్వ ఒకామె ఆగి, "మొన్న వద్దంటివి, ఇయ్యాల ముద్దంటున్నవు, నీది నోరేనా బిడ్డా?" అంది. ఏం చెప్తాం, "కంపెనీ నోరు అవ్వా" అన్నాను.

అప్పుడే చౌరస్తాలో మా కంపెనీ షోరూమ్ పెడుతోందని తెలిసింది. ఏసీ, తిరిగే కుర్చీ, అద్దాల తలుపు. గొడుగు కింద ఉన్న ఐదుగురిలో ఒకరికే అందులో కౌంటర్ ఉద్యోగం. ఇంటిల్లిపాదీ నెట్ కాల్స్‌లోకి మారిన కుటుంబాన్ని ఎవరు చూపిస్తే వాళ్లకే ఆ కుర్చీ అన్నాడు టై సారు. వాళ్లింటికే వచ్చి ఫోటో తీస్తారట, ఆ ఫోటో షోరూమ్ గోడకు పెడతారట. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెయ్యెత్తాను. "మా ఇల్లే సార్! మా అమ్మ, బాపు రోజూ గంటలు గంటలు మాట్లాడుకుంటరు!" (అబద్ధం ఆడినా అతికినట్టు ఉండాలంటారు. నాది ఎక్కడా అతకలేదు, అయినా ఆయన నమ్మాడు.)

కంపెనీ ఇచ్చిన రెండు కొత్త ఫోన్లు పట్టుకుని ఇంటికొచ్చి బాపును కూర్చోబెట్టాను. "బాపు, ఇది నెట్ మీద పుక్కట్ల పోతది, పైస ఖర్చు లేదు. ఎంతసేపైనా మాట్లాడచ్చు. మొకం గూడ కనపడతది."

"పుక్కట్లనా?" బాపు ముఖం వెలిగింది. "మంచిదే గదా. ఇగ పుక్కట్ల రింగిస్త."

"రింగు కాదు బాపు, మాట్లాడాలె!"

"పొద్దుగాల డ్యూటీకి పోంగ మాట్లాడిన గదనే. గంతల్నే మల్ల కొత్త ముచ్చట్లు యాడికెళ్లి తేవాలె?"

మూడు రోజులు పట్టు వదలకుండా నేర్పాను. నీ బిడ్డకు తిరిగే కుర్చీ వస్తదంటే చివరికి కరిగాడు. "సరే తియ్యి, మాట్లాడుత. సారు మనింటికి వస్తుండంటే ఉత్తగ పంపుతమా? వచ్చెటప్పుడు మటన్ గూడ తెస్త" అన్నాడు. ఆ మటన్ మాట దగ్గరే నేను జాగ్రత్తపడాల్సింది.

ఆ రోజు రానే వచ్చింది. టై సారు, కెమెరాతో ఫోటోగ్రాఫరు, పెళ్లివారిలా కారు దిగారు. అమ్మ పండగ చీర కట్టుకుంది. పక్క క్వార్టరులో ఉండే మా పాస్టరుగారి భార్య, మేమంతా పాస్టరమ్మ అని పిలిచే ఆవిడ, పిలవకపోయినా వచ్చి ముందు వరసలో కూర్చుంది. స్టూలు మీద తెల్లని గుడ్డ పరిచి దానిమీద కొత్త ఫోను పెట్టాను. మూడు దాటింది. మూడుంబావు అయింది. ఫోను మోగింది! ఫోటోగ్రాఫరు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఎత్తమ్మా!" అన్నాను.

అమ్మ చెయ్యి గాల్లో ఆగిపోయింది. "ఒకటి" అంది.

"అమ్మా, లెక్క కాదే, ఎత్తి మాట్లాడు!"

"ఆగు బిడ్డా, లెక్క తప్పుతది. రెండు... మూడు. ఆఁ, మటనే" అని చిన్నగా నవ్వి టై సారు వైపు చూసింది. కానీ ఫోను ఆగలేదు. "నాలుగు" అంది, నవ్వు పోయింది. "ఐదు" అని స్టూలు అంచు పట్టుకుంది. నేను ఉరికి అందుకునేలోగా ఆరోది కూడా మోగి ఆగిపోయింది. అమ్మ "ప్రభువా!" అని కుప్పకూలినంత పని చేసింది.

ఇక్కడ నా తెలివి గురించి చెప్పాలి. నెట్ కాల్‌ను కట్ చేసినా అవతల మోగుతూనే ఉంటుందని నాలుగు నెలలు ఊరందరికీ చాటింపు వేసింది నేనే కదా. ఆ ముక్క అప్పుడు తట్టిందా? ఏదీ! ఇంటికి ఫోను వచ్చినప్పటి నుంచి ఆ ఐదో రింగు నా కడుపులో కూడా కూర్చుని ఉందని నాకే తెలియదు. తిరిగి ఫోను చేశాను. కలవలేదు. ఇంకోసారి చేశాను, కలవలేదు. "బాపూ" అని పెద్దగా ఏడ్చేశాను. తిరిగే కుర్చీ, షోరూమ్, అన్నీ ఎటు పోయాయో తెలియదు.

"ఏం జరిగింది? నెట్‌వర్క్ ప్రాబ్లమా?" అంటున్న టై సారును పాస్టరమ్మ టై పట్టుకుని లేపింది. "నెట్టు గిట్టు ఏం లేదు నాయినా, జల్ది కారు తియ్యి, దవాఖానకు పోవాలె!" తలుపులు తెరిచినవి తెరిచినట్టే వదిలి కారులో పడ్డాం. ముందు సీట్లో ఫోటోగ్రాఫరు ఒళ్లో కెమెరా పెట్టుకుని బిగుసుకుపోయాడు. వెనక పాస్టరమ్మ కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థన ఎత్తుకుంది. ప్రార్థన మధ్యలో కళ్లు తెరవకుండానే "హారన్ కొట్టు నాయినా" అనడం, మళ్లీ ప్రార్థనలో పడడం. టై సారు హారన్ కొట్టాడు, ప్రార్థన అయిపోయినప్పుడల్లా ఆమెన్ కూడా అన్నాడు.

దవాఖానలో ఎమర్జెన్సీ గది ముందు టేబుల్ దగ్గర ఉన్న నర్సమ్మ రిజిస్టరు తిప్పి చూసి, "ఈ షిఫ్టుల బాయి నుంచి ఎవ్వలు రాలేదమ్మా, అందరు మంచిగున్నరు" అంది. అమ్మ నమ్మితే కదా! "ఆరు మోగినయమ్మా, నా చెవులతోని విన్న, మల్లొక్కసారి చూడు తల్లీ" అని టేబుల్ పట్టుకుని వదలదు. సరిగ్గా అప్పుడు అమ్మ చేతిలో ఉన్న కొత్త ఫోను మళ్లీ మోగింది. ఐదు దాటింది, ఏడు దాటింది, ఎనిమిది మోగింది. ఎనిమిదికి మా ఇంట్లో అర్థం లేదు. అమ్మ బిత్తరపోయి నా వైపు చూసింది. నేనే ఆకుపచ్చ గుర్తు నొక్కాను.

తెర నిండా ఒక చెవి కనిపించింది. బాపుకు మొకం కనపడుతుందని చెప్పాను కానీ, ఫోను మొకం ముందు పెట్టుకోవాలని చెప్పడం మరిచాను. అలవాటుగా చెవికి ఆనించుకున్నాడు. బొగ్గు మసి ఇంకా పూర్తిగా పోని పెద్ద చెవి, పైన రెండు నెరిసిన వెంట్రుకలు.

"నీ చెవే గదా!" అని అరిచింది మా అమ్మ. "బిడ్డా, గిది మీ బాపు చెవే! బతికే ఉన్నడు!"

"నాకేమైతదే?" అంది చెవి. "ఇల్లు వాకిలి తెరిసిపెట్టి ఎటు వోయిన్రు మీరంత? సారు ఏడి? మటన్ తెచ్చిన. మూడు రింగులు ఇచ్చిన గదా, మసాలా ఎందుకు నూరలే?"

"మూడా? ఆరు మోగినయయ్యా! ఆరు! నా పానం పోయింది ఈడ!"

"మూడే ఇచ్చిన! ఇన్నేండ్ల సంది ఇస్తున్న, నాకు లెక్క రాదా?"

"మాట్లాడుత అంటివి గద, మల్ల రింగెందుకు ఇచ్చినవు?"

"బాయి మీద అందరు చుట్టు నిలవడ్డరే," అంది చెవి మెల్లగా. "గంత మందిల పెండ్లాంతోని ఏం మాట్లాడుత? సిగ్గయింది."

అమ్మ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ తిట్టింది, తిడుతూ కొంగుతో ముక్కు తుడుచుకుంది. మా ఇంటికి ఫోను వచ్చినప్పటి నుంచి వాళ్లిద్దరూ ఫోనులో మాట్లాడుకున్న మొదటి మాటలవి. మూడా ఆరా అన్న ఒక్క ముచ్చట మీద అరగంట మాట్లాడారు. దవాఖాన అంతా చుట్టూ చేరింది. ఫోటోగ్రాఫరు తన పని మరిచిపోలేదు, పుణ్యాత్ముడు. టకటకా పది ఫోటోలు తీశాడు.

అందులో ఒకటి షోరూమ్ గోడ ఎక్కింది. కళ్ల నీళ్లతో నవ్వుతున్న మా అమ్మ, చేతిలో ఫోను. తెర అవతలి వైపుకు ఉంది కాబట్టి ఆమె మాట్లాడుతున్నది ఒక చెవితోనని ఎవరికీ తెలియలేదు. తిరిగే కుర్చీ నాకే వచ్చింది. టై సారు ఆ సాయంత్రం మా ఇంట్లో మటన్ తింటూ, నేను మొదటిసారి చూడగా, టై విప్పాడు. తర్వాత ఇంకో కంపెనీ వచ్చి కాల్స్ అన్నీ పుక్కటికే ఇచ్చేసింది, మా షోరూమ్ మూతపడింది. ఇప్పుడు అక్కడ టిఫిన్ సెంటర్ ఉంది. ఫోటో మాత్రం అడిగి ఇంటికి తెచ్చుకున్నాను.

బాపు రిటైరయ్యాడు. నేను మంచిర్యాలలో ఉంటూ అక్కడే ఒక స్కూలు ఆఫీసులో పనిచేస్తున్నాను. సాయంత్రం బస్సు దిగి ఇల్లు చేరగానే బాపుకు ఒక రింగిచ్చి కట్ చేస్తాను. నెట్ మీద కాదు, మామూలు కాల్. నెట్ లెక్క మీద ఆయనకు ఇప్పటికీ నమ్మకం లేదు. మొన్నొక రోజు ఏదో పనిలో పడి మరిచిపోయాను. కాసేపటికి ఫోను మోగింది. బాపు నంబరు. ఒకటి, రెండు, మూడు... నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఐదోది మోగగానే ఎత్తాను.

"బాపూ! ఏమైంది బాపు?"

"నాకేం గాలే. నీకే ఏమైందోనని. రింగు రాలే గదా."

"మంచిగున్న బాపు. మరిచిపోయిన."

"మంచిగున్నవా? సరే మరి, పెట్టెయ్యి. ఊకె ఎత్తుతవేంది?"

పెట్టేశాడు. మాట్లాడండి, ఎంతసేపైనా మాట్లాడండి అని ఎండలో గొడుగు కింద గొంతు చించుకున్న ఆ పిల్ల గుర్తొచ్చి చాలాసేపు నవ్వుకున్నాను. మరునాడు ఇంటికి చేరగానే, చెప్పులు కూడా విప్పకుండా, ఒక రింగిచ్చి కట్ చేశాను. అవతల ఎవరూ ఎత్తలేదు.