జాలీకి చిక్కిన ఎర్ర దారం

మగ్గు చప్పుడు ఆగిపోయింది. నీళ్లు మాత్రం పడుతూనే ఉన్నాయి.

ఏదో జరిగిందని నాకు మొదట తెలిసింది ఆ క్షణంలోనే. నాలుగేళ్లయింది. ఇప్పటికీ ఇంట్లో ఎవరు స్నానానికి వెళ్లినా తలుపు దగ్గర నిలబడి మగ్గు చప్పుడు వింటాను. భయస్తురాలినని మావాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. అక్కడ ఎందుకు నిలబడతానో వాళ్లలో ఒక్కరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను. పిల్లలు పడుకున్నారు. తెల్లవారేలోగా ఇది పూర్తి చేయాలి.

మాది వనపర్తి. మా ఆయన ఒక పాత మినీ బస్సు కొని, సీట్లు పీకించి, పడుకోవడానికి బల్లలు, చిన్న వంటగట్టు, వెనక మూలన స్నానాల గది కట్టించాడు. తీర్థాలకు వెళ్లే కుటుంబాలకు కిరాయికి ఇవ్వాలని ఆలోచన. వాడకట్టులో అందరూ దాన్ని ఇల్లుబండి అనేవారు. స్నానాల గదిలో గ్యాస్ గీజర్ పెట్టించాడు. అది మొదటి నుంచీ సతాయించేది. నల్లా తిప్పగానే మంట అందుకునేది, రెండు నిమిషాలకు ఆరిపోయేది. సెల్లులు మార్చాడు, సిలిండర్ మార్చాడు, రెగ్యులేటర్ మార్చాడు. చివరికి పాన్‌గల్ రోడ్డులో గీజర్లు, గ్యాస్ పొయ్యిలు బాగుచేసే ఖదీర్ చాచాను పిలిచాడు.

చాచా ముందు దేన్నీ విప్పలేదు. గీజర్ వెలిగించి, తలుపు దగ్గరగా వేయించి, సందులోంచి మంటను చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి నీలం మంట పసుపు రంగుకు తిరిగింది. తలుపు బార్లా తీయించాడు. మళ్లీ నీలం.

“గీజర్‌కు రోగమేం లేదు బిడ్డా. దీనికి దమ్ము ఆడుతలేదు,” అన్నాడు.

లోపలి మసి తుడిచాడు. పొగ గొట్టాన్ని పైకప్పు దాటించాడు. గోడకు అడుగున అరచేయంత రంధ్రం కోసి ఇనుప జాలీ బిగించాడు. అసలు గీజర్‌ను బండి బయటికి మార్చమన్నాడు. చూడ్డానికి బాగుండదని మా ఆయన ఒప్పుకోలేదు. అప్పుడు నావైపు తిరిగాడు. “లోపల్నే కావాల్నంటె ఈ జాలీ ఎప్పటికీ మూయొద్దు. మంట గూడ మన లెక్కనే బిడ్డా, గాలి లేకుంటె పిచ్చి లేస్తది.”

నేను కెమిస్ట్రీతో డిగ్రీ చేశాను. పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్పేదాన్ని. గాలి చాలని మంట ఏ వాయువును వదులుతుందో బోర్డు మీద రాసి చూపించినదాన్ని. దానికి రంగు లేదు, వాసన లేదు అని రెండుసార్లు చెప్పించినదాన్ని. ఆయన మాట నాకు అర్థం కాలేదని ఎవరూ అనలేరు. తలూపాను కూడా.

ఆ చలికాలంలో బాబు పుట్టువెంట్రుకలు తీయించడానికి ఇల్లుబండిలోనే మల్దకల్ గుడికి వెళ్లాం. గుండు చేసిన పసివాడి తలకు గాలి తగలకూడదని మా ఇళ్లల్లో గట్టి పట్టింపు. నీళ్లు పోసేటప్పుడు తలుపులు, కిటికీలు, సందులు అన్నీ మూసేస్తారు. జాలీలోంచి చలిగాలి కొడుతోంది. బయటి నుంచి మా అత్తమ్మ అరిచింది.

“ఏందే, గాలి గట్ల కొడ్తుంటె పోరనికి నీళ్లు పోస్తున్నవా? మాడుకు తగిల్తె పాణం మీదికొస్తది. సదువుకున్నవ్ గద, ఏమన్న అడ్డం పెట్టరాదు?”

బాబు ఎర్ర తువ్వాల మడిచి జాలీలో కుక్కాను.

వాడి స్నానం అయిదు నిమిషాల్లో అయిపోయింది. తువ్వాల అప్పుడే తీసేయాల్సింది. చేయి అక్కడిదాకా వెళ్లింది. మరిచిపోయానని మాత్రం అనుకోకండి, ఆ మినహాయింపు నాకొద్దు. తరవాత పాప స్నానం చేయాలి, దానికీ చలి పెడుతుంది, ఇంకో పది నిమిషాలకు ఏమవుతుందిలే అనుకున్నాను. అత్తమ్మ మళ్లీ అరవకపోతే చాలనుకున్నాను. పాపకు ఆరేళ్లు. “నేనే పోస్కుంట, నువ్వు పో,” అని తలుపు వేసుకుంది.

మగ్గు చప్పుడు ఆగింది. పిలిచాను. పలకలేదు. తలుపు తోశాను. మంట పసుపుగా ఊగుతోంది. పాప గోడకు ఒరిగిపోయి ఉంది.

ఎత్తుకొచ్చి మా ఆయన చేతుల్లో పెట్టాను. అందరూ దాని చుట్టూ మూగారు. నేను వెనక్కి వెళ్లాను. గీజర్ ఆపడానికి వెళ్లానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ఆపిన మాట నిజమే. తువ్వాల కూడా లాగేశాను. బాబు బట్టల మూటలో అడుగుకు దూర్చాను. కన్నబిడ్డ ఊపిరి తీస్తోందో లేదో తెలియని నిమిషంలో నా చేతులు ఆ పని చేశాయి. ఎవరు నేర్పారు వాటికి? ఎలాంటి తల్లిని నేను?

గద్వాల దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి పాప కళ్లు తెరిచి నీళ్లడిగింది.

మర్నాడు వనపర్తి చేరగానే మా ఆయన చాచాను ఇంటి ముందుకు లాక్కొచ్చాడు. కాలర్ పట్టుకున్నాడు. “పిల్లను సంపుదామనుకున్నవారా?” అన్నాడు, తండ్రి వయసున్న మనిషిని. పదిమంది చేరారు. చాచా కాలర్ విడిపించుకున్నాడు. బండెక్కి జాలీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, దానికి అరచేయి ఆనించాడు. తరవాత జాలీ అంచున ఏదో గిల్లి తీశాడు. తలుపు దగ్గరే నిలబడ్డాను కాబట్టి నాకొక్కదానికే కనిపించింది. ఎర్ర దారం పోగు.

కిందికి దిగాడు.

“బిడ్డా, నువ్వు చెప్పు. జాలీ తెరిచే ఉండెనా?”

“నాకు తెల్వదు చాచా.”

ఆ పోగును వేళ్ల మధ్య నలిపి కింద వదిలేశాడు. “అచ్ఛా,” అన్నాడు. అంతే.

ఎందుకు వదిలేశాడు? అందరికీ చూపించి అరవచ్చు కదా? కొన్నాళ్లు నాకు ఆయన మీదే కోపం వచ్చింది. చూడండి నా సిగ్గులేనితనం. అందం చెడుతుందని గీజర్‌ను లోపలే ఉంచిన మా ఆయన మీద కోపం. అరిచిన అత్తమ్మ మీద కోపం. ఆ పదిమంది మీద కోపం, ఒక మనిషి పనిని తిట్టడానికి అతని మతాన్ని ఎందుకు ఎత్తారని. వాళ్లన్న మాటలు ఇక్కడ రాయను. నేను మాత్రం అన్నీ విన్నాను. విని, లోపలికి వెళ్లి పాలు కాచాను. మిగతా కోపాలన్నీ ఆ పాల గిన్నె దగ్గరే ఆగిపోతాయి. అక్కడి నుంచి ఉన్నది నేనొక్కదాన్నే.

చాచా చేతికి గీజర్లు, పొయ్యిలు ఇవ్వడం మానేశారు. దుకాణం మూతపడింది. ఇప్పుడు కూరగాయల అంగడి ముందు తోపుడు బండి మీద కుక్కర్ పిడులు బిగిస్తున్నాడు.

నిన్న పిల్లలతో అటు వెళ్లాను. ఎవరో మరిచిపోయిన సంచి మాదనుకుని చాచా అందించబోయాడు. పాప వెనక్కి జరిగింది. పదేళ్ల పిల్ల. “నీ చేతిది మేం ముట్టం. నువ్వు నన్ను సంపబోయినవ్,” అంది. బాబు కిలకిలా నవ్వి అదే మాట పాటలా పాడాడు. చాచా సంచి కింద పెట్టి, నావైపు చూడకుండా స్క్రూలు ఏరుకున్నాడు. నా బిడ్డ నోట్లో ఆ మాట ఎవరు పెట్టారు? నేను రోజూ అన్నంతో పాటు పెట్టాను.

ఇక్కడినుంచి తెల్లవారాక రాస్తున్నాను. పాపకు జడ అల్లుతూ చెప్పాను. దాని ముఖం చూస్తూ చెప్పే ధైర్యం లేదు.

“మల్దకల్‌ల జాలీ మూసింది నేను. బాబు తువ్వాల కుక్కిన. ఖదీర్ తాత మూయొద్దని ముందే చెప్పిండు. తెల్సే మూసిన. తర్వాత తీసి దాచిన. గాయన్ని అందరు తిడ్తుంటె నోరు మూస్కున్న.”

పాప జడ నా చేతుల్లోంచి లాక్కుని నావైపు తిరిగింది. “నాయనకు తెల్సా?” అంది.

“తెల్వదు. ఇప్పుడే చెప్త. చెప్పి అంగడికాడికి పోత. జాలీ తెరిచే ఉండెనా అని తాత నన్ను అందరి ముందట అడిగిండు. అందరి ముందట్నే చెప్త, నేనే మూసిన అని. నాతోని వస్తరో రారో మీ ఇష్టం.”