గ్రహణం రోజు మిద్దెక్కిన అవ్వ

సూర్యగ్రహణాన్ని ఫొటో తీయాలని విశాఖ నుంచి ఎమ్మిగనూరు వెళ్లి, తెలిసినవాళ్ల మిద్దె మీద కెమెరా నిలబెట్టాను. లెన్సుకు నల్లటి ఫిల్టరు బిగిస్తుంటే ఆ ఇంటి అవ్వ సుంకులమ్మ గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

కింది నుంచి కోడలు కేకేసింది. "అత్తా, గ్రహణం పట్టే పొద్దులో యాడికి పోతాండావు? లోపలికి రా!"

అవ్వ ఆ మాట పట్టించుకోకుండా నా పక్కన కూర్చుంది. "నేను కడుపుతో ఉండంగా ఒక తూరి గ్రహణానికి పట్టపగలే సీకటయినాది పాపా. నన్ను గదిలో పెట్టి తలుపేసినారు. మగోళ్లు సూసొచ్చి సెప్తాంటే ఇన్నా, అంతే. ఈ తూరి నేనే సూడాల."

గ్రహణం మొదలయ్యాక ఆమెకు గ్రహణం చూసే నల్ల కళ్లద్దాలు పెట్టాను. నోరు తెరుచుకుని చాలాసేపు చూసింది.

"కొడవలి మాదిరి ఉండాడు సూర్యుడు!" అని నవ్వి, మెట్ల దగ్గరికి వెళ్లి కోడల్ని పిలిచింది. "రామ్మా, నేను సూసినా. నాకేం కాలేదు."

కోడలు జంకుతూనే పైకి వచ్చింది. ఆమెను చూసి పక్కింటి ఆడవాళ్లూ వచ్చారు. నేను చెప్పబోయేలోగా అవ్వే తలెత్తి నిలబడి అందరికీ గట్టిగా చెప్పింది.

"ఉత్త కండ్లతో సూడగాకండి. ఈ అద్దాలు పెట్టుకోనే సూడాల. ఒకరెనక ఒకరు రాండి."