‘మేం ముగ్గురం’లో నాలుగో గొంతు

ఆ రోజుల్లో మనకు నచ్చిన పాట ఇంకొకరికి నచ్చకపోతే ప్రాణం ఉసూరుమనేది. ఇప్పుడంటే వేలితో నొక్కి పంపేసి మరిచిపోతాం. తొంభైల్లో మాత్రం మనిషిని గదిలో కూర్చోబెట్టి, పారిపోకుండా టీ ఇప్పించి మరీ క్యాసెట్ వినిపించాలి. మా యూనివర్సిటీ హాస్టల్లో నన్ను చూస్తే వరండాలోనే దారి మార్చుకునేవాళ్లు (ఇన్సూరెన్స్ ఏజెంటుకు కూడా అంత గౌరవం దక్కదు). నా పిచ్చి పేరు ‘మేం ముగ్గురం’. తార్నాకలో ఒక టీచరమ్మ, గిటార్ వాయించే ఆమె భర్త, డప్పు కొట్టే ఆమె తమ్ముడు కలిసి పెట్టుకున్న చిన్న జట్టు. పల్లె బాణీల్లో సొంత పాటలు, ఇంట్లోనే రికార్డు చేసుకున్న ఒకే ఒక్క క్యాసెట్. వాళ్ల చర్చి దగ్గర విని, బతిమాలి ఒక కాపీ తెచ్చుకున్నాను. హాస్టల్ డేకి సినిమా ఆర్కెస్ట్రా బదులు వాళ్లనే పిలిపించాలని నా పంతం. ఆ ఏర్పాట్లు చూసేది మా సీనియర్, ఫిజిక్స్‌లో పరిశోధన చేసే లాజిక్ అన్న. “ముందుగాల మాకు నచ్చాలె, తర్వాత చూద్దాం” అన్నాడు.

ఒక సాయంత్రం అందరూ నా గదిలో కొలువు తీరారు. మూడో పాటలో కరెంటు పోయింది. ఫ్యాన్ రొద ఆగిపోయి, బ్యాటరీల మీద పాట ఒక్కటే సాగింది. చరణాల మధ్య ముగ్గురూ ఊరుకున్న చోట, గోడ అవతలి నుంచి వచ్చినట్టు ఒక ముసలామె కూనిరాగం వినిపించింది. మాటల్లేవు, రాగమే. ఫ్యాన్ కింద వినే నాకు అన్నాళ్లూ అది తెలియనే లేదు.

“జట్టుల ఎంతమంది అన్నవ్?” అన్నాడు లాజిక్ అన్న.

“ముగ్గురే అన్నా.”

“మరి గా ముసలామె ఎవలు?”

వెనక్కి తిప్పి వేశాను. మళ్లీ అక్కడే వచ్చింది. దయ్యాల్లేవని హాస్టలంతా ఉపన్యాసాలిచ్చిన లాజిక్ అన్న చెప్పులు మరిచిపోయి గుమ్మం దాటాడు. “ఆమె ఎవలో తేలేదాంక వాళ్లను పిలిచేది లేదు” అని బయటి నుంచే తీర్పు చెప్పాడు.

మర్నాడు తార్నాక వెళ్లి అడిగితే, టీచరమ్మ గోడ మీద ఫొటో చూపించింది. “మా అమ్మ బాబూ. పోయి నాలుగేళ్లయింది.” నేను గుమ్మం ఎంత దూరముందో చూసుకున్నాను. ఆమె నవ్వేసింది. “భయపడకయ్యా. అమ్మ కూనిరాగం ఒక క్యాసెట్లో దాచుకున్నాం. మా తమ్ముడు ఖాళీదనుకుని దాని మీదే మా పాటలు రికార్డు చేసేశాడు. ఏడ్చాం, వాణ్ని తిట్టాం. తీరా వింటే మా పాత టేప్‌రికార్డర్‌కి చెరపడం కూడా చేతకాలేదు. అమ్మ అడుగున ఉండిపోయింది.”

“సరిగ్గా మీరు ఆగిన చోటే ఎలా వినిపించిందండీ?”

ఆమె నవ్వు ఆగింది. “మేం అక్కడ ఆగాలని అనుకోలేదు బాబూ. ఎందుకాగామో ముగ్గురికీ తెలీదు.”

లాజిక్ అన్నకు మొదటి సగమే చెప్పాను (రెండోది చెబితే ఆర్కెస్ట్రా ఖాయం). “చెరగలే, అంతే. సైన్సే!” అని ధైర్యంగా చెప్పులు తీసుకెళ్లాడు. ఆ తర్వాత నా గదిలో చోటు దొరకలేదు. అవ్వ పాట కోసం అందరూ ఫ్యాన్ ఆపేసి, చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్లు.

హాస్టల్ డే వచ్చింది. మూడో పాటలో ఆ చోటికొచ్చి ముగ్గురూ ఆగారు. ఒక క్షణం ఏమీ లేదు. అంతలో వెనక వరసలో ఎవరో సన్నగా అందుకున్నారు, తర్వాత హాలంతా. ఎవరూ అనుకుని చేసింది కాదు. లాజిక్ అన్న కళ్లు మూసుకుని ఆ ముసలామె రాగమే తీస్తున్నాడు. టీచరమ్మ తర్వాతి చరణం ఎత్తుకోలేకపోయింది. మా వైపు కాదు, తన వెనక్కి తిరిగి చూసింది.

ఈమధ్య ఎవరో ఆ క్యాసెట్‌ను శుభ్రం చేసి నెట్‌లో పెట్టారు. గరగరతోపాటు ఆమెనూ తుడిచేశారు. అందుకే కొత్తగా వినేవాళ్లకు లింకు పంపి ఊరుకోను. ఫోన్ చేసి నేనే పాటలు వినిపిస్తూ, మూడో పాటలో ఆ ఖాళీ రాగానే నా బొంగురు గొంతుతో కూనిరాగం తీస్తాను. “మళ్లీ మొదలైందా?” అని మా ఆవిడ వంటింట్లోంచి విసుక్కుంటుంది. కాసేపటికి, తనకు తెలియకుండానే, తనూ అందుకుంటుంది.