ఆకుపచ్చ ఇంకులో మైనస్ అరవై ఒకటి

దయ్యాలంటే నాకు నవ్వే తప్ప భయం ఎప్పుడూ లేదు. మా అత్తగారు అబుదాబి వచ్చినప్పుడు ఎండుమిరపకాయలతో దిష్టి తీస్తానంటే, "ముందు కిటికీ తెరవండత్తయ్యా, పొగకి అలారం మోగితే బిల్డింగంతా కిందికి దిగుతుంది" అన్నదాన్ని. పద్దెనిమిదేళ్లుగా ల్యాబుల్లో పనిచేస్తున్నాను. కొలిచి చూడందే దేన్నీ ఒప్పుకోను. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. ఇంకో కారణం కూడా ఉంది. ఇందులో తప్పు నాది.

నేనిక్కడ ఒక యూనివర్సిటీలో ల్యాబ్ మేనేజర్‌ని. పరిశోధన చేసేది పెద్దపెద్ద డాక్టర్లు. వాళ్లకి కావలసినవన్నీ సర్దిపెట్టి, రక్త నమూనాలు పాడవకుండా కాపాడేది మేము. నమూనాలుండే ఫ్రీజర్ మైనస్ ఎనభై డిగ్రీల దగ్గర ఉండాలి. దాని తలుపు మీద ఒక కాగితం ఉంటుంది. రోజూ పొద్దున చూసినవాళ్లు టైము, డిగ్రీలు రాసి, అలారం ఆన్‌లో ఉంటే అలారం గడిలో టిక్కు పెట్టి, చివర పొట్టి సంతకం చెయ్యాలి.

2021లో ఆ పని షాహీన్‌ది. నెల్లూరమ్మాయి, నా కింద టెక్నీషియన్. నల్ల పెన్నులూ నీలం పెన్నులూ మా ల్యాబులో పూట నిలవవని, ఎవరూ ఎత్తుకుపోని ఆకుపచ్చ పెన్ను వాడేది. ఏడు అంకె నడుముకి అడ్డగీత, సంతకం కింద చుక్క. అప్పుడామెకి ఎనిమిదో నెల.

ఒక గురువారం మధ్యాహ్నం నేను ఫ్రీజర్‌లో డబ్బాలు సర్దాను. తలుపు ఎక్కువసేపు తీసి ఉంచితే అలారం చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. అందుకని దాన్ని ఆపేశాను. మా పనిలో అందరూ చేసేదే. సర్దడం అయ్యాక మళ్లీ ఆన్ చెయ్యాలి. మర్చిపోయాను. అప్పట్లో సెలవులు శుక్ర, శనివారాలు. ఆ రెండు రోజుల్లో ఫ్రీజర్ మొరాయించింది. అలారం మోగలేదు. ఆదివారం వచ్చి చూస్తే నాలుగేళ్లపాటు పోగుచేసిన నమూనాలన్నీ కరిగిపోయి ఉన్నాయి.

డైరెక్టర్ కాగితం చూశారు. చివరి సంతకం షాహీన్‌ది. అలారం చూసుకోవాల్సింది నువ్వే కదా అని ఆమెనే నిలదీశారు. నేను పక్కనే ఉన్నాను. ఒక్క మాట చెప్తే అయిపోయేది. చెప్పలేదు. షాహీన్ నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. ఫైల్లో నిర్లక్ష్యం అని రాశారు. ఆమె కాన్పుకి వెళ్లింది. కాంట్రాక్టు మళ్లీ ఇవ్వలేదు.

మూడేళ్ల తర్వాత మా యూనివర్సిటీ ఒక పథకం పెట్టింది. పిల్లల కోసమో, ఇంట్లో జబ్బుల వల్లో పని మానేసిన ల్యాబ్ సిబ్బందిని తిరిగి తీసుకుని, మూడు నెలలు పక్కన ఉండి పని మళ్లీ చేతికి అలవాటు చెయ్యాలి. ఆ బాధ్యత నాకే అప్పగించారు. మొదటి వారంలోనే షార్జా అల్ నహ్దా నుంచి షాహీన్ దరఖాస్తు వచ్చింది. పాత సూపర్‌వైజర్ ఇచ్చే సిఫారసు ఉత్తరం జతచెయ్యాలి. అంటే నేనే రాయాలి. దరఖాస్తుతోపాటు నాకో చిన్న చీటీ పెట్టింది: "పద్మక్కా, రెండు చోట్ల అడిగాను. మూడేళ్ల ఖాళీ చూసి వద్దన్నారు. ఇదొక్కటే ఆశ."

ఉత్తరంలో ఫ్రీజర్ సంగతి రాయక తప్పదు. రాస్తే నిజం రాయాలి. రెండు వారాలు ఆ దరఖాస్తుని వేరే కాగితాల కింద దాచిపెట్టాను. సిగ్గుగా ఉంది చెప్పుకోవడానికి. గడువు గురువారం.

ఆ సోమవారం పొద్దున ఏడున్నరకి ల్యాబ్ నేనే తెరిచాను. ఫ్రీజర్ కాగితం మీద అప్పటికే ఒక వరుస నింపి ఉంది. 7:10, −78, అలారం గడిలో టిక్కు. ఆకుపచ్చ ఇంకు. ఏడుకి అడ్డగీత, సంతకం కింద చుక్క.

ఎవరైనా ఆటపట్టిస్తున్నారా అనుకున్నాను. కానీ ఇప్పుడున్న ఇద్దరు టెక్నీషియన్లూ కొత్తవాళ్లు, షాహీన్ పేరే వినలేదు. మంగళవారం ఇంకో వరుస. సెక్యూరిటీవాళ్ల దగ్గరికెళ్లి, ల్యాబ్ తలుపు ఎవరి కార్డుతో ఎప్పుడు తెరిచారో రికార్డు తీయించాను. రెండు రోజులూ నాకంటే ముందు ఆ తలుపు ఎవరూ తెరవలేదు. ఆ సాయంత్రం పాత కాగితం తీసి డ్రాయర్‌లో పెట్టి తాళం వేశాను. కొత్తది అంటించి, లోపల ఎవరూ లేరని చూసుకుని వెళ్లాను.

బుధవారం కొత్త కాగితం మీద కూడా వరుస ఉంది. ఈసారి −61. అలారం గడి ఖాళీ.

ఫ్రీజర్ డిస్‌ప్లే మాత్రం −80 చూపిస్తోంది. లోపల వేరే థర్మామీటర్ పెట్టాను. మైనస్ అరవై ఒకటి. అలారానికి వేరే సెన్సర్ ఉంది, అది మోగాల్సింది. వంగి అలారం స్విచ్చి చూశాను. ఆఫ్‌లో ఉంది. ముందురోజు డబ్బాలు సర్దుతూ ఆపింది నేనే, మళ్లీ మర్చిపోయిందీ నేనే. ముగ్గురం పరుగులు పెట్టి నమూనాలన్నీ పక్క ఫ్రీజర్‌లోకి మార్చాం. ఒక్కటీ పోలేదు.

ఆ మధ్యాహ్నమే ఉత్తరం రాశాను. పని తెలిసిన మనిషి, వెంటనే తీసుకోండి అని. ఫ్రీజర్ గురించి మాత్రం 'కారణం తేలలేదు' అని రాశాను. అంత జరిగాక కూడా నా బుద్ధి అలాగే ఉంది. షాహీన్‌ని తీసుకున్నారు గానీ, ఆర్నెల్లు ఒంటరిగా నమూనాలు ముట్టుకోకూడదని షరతు పెట్టారు.

మొదటిరోజు ఆమె ముందు ఆ రెండు కాగితాలూ పెట్టాను. ఒక్కో వరుసా చదివింది.

"రాత నాదేనక్కా. కానీ నేను రాయలేదు. పాపకి ఆటలమ్మ వచ్చి ఆ వారమంతా ఇల్లు కదల్లేదు." తర్వాత ఖాళీ గడి మీద వేలు పెట్టింది. "ఆ రోజు కూడా అలారం ఆపింది మీరే. నేను ఇంటికి పోయేటప్పుడు మీరు డబ్బాలు సర్దతా ఉండారు. మీరే చెప్తారని చూసినా."

గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

అప్పుడే లేచి డైరెక్టర్ గదికి వెళ్లాను. ఫైల్లో ఆమె పేరు కొట్టించి నా పేరు రాయించాను. షరతు తీసేశారు. నాకు మెమో ఇచ్చారు. మూడేళ్ల కిందట రావాల్సిన మెమో అది.

మర్నాడు పొద్దున షాహీన్ ఫ్రీజర్ దగ్గర టైము, డిగ్రీలు రాసింది. అలారం గడి దగ్గర ఆగి, ఆకుపచ్చ పెన్ను నా చేతికిచ్చింది. "ఇది ఇకమీదట మీరే నింపండక్కా" అంది.

ఆ రెండు కాగితాలు నా డ్రాయర్‌లోనే ఉన్నాయి. తాళం వేసిన గదిలోకి వచ్చి ఎవరు రాశారంటే ఇప్పటికీ చెప్పలేను. రోజూ పొద్దున ఆ గడిలో టిక్కు పెట్టేముందు స్విచ్చి రెండుసార్లు చూస్తాను. షాహీన్ పక్కనే నిలబడి, నేను చూసేదాకా ఉంటుంది.