దేవదాస్ సారు పాదశాస్త్రం

నిజాం రాజ్యం పోయింది. హైదరాబాదు రాష్ట్రం వచ్చింది. అదీ పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఇన్ని ప్రభుత్వాలు మారినా ఆసిఫాబాదులో చెక్కుచెదరని వ్యవస్థ ఒక్కటే మిగిలింది: దేవదాస్ సారు ఎదుటివాళ్ళ కాళ్ళు చూస్తాడు, మొహం చూడడు.

బడిలో ఆయన చెప్పేది ప్రకృతి శాస్త్రం. సృష్టికర్త తన తెలివంతా కాళ్ళ దగ్గరే ఖర్చుపెట్టి, మొహాల దాకా వచ్చేసరికి అలసిపోయాడని ఆయన సిద్ధాంతం. "బాతుకు వేళ్ళ నడుమ తోలు కుట్టి తెడ్డు చేసిండు. గుర్రానికి ఒక్క డెక్క, ఎద్దుకు చీలిన డెక్క. మరి మొహమో? ఊరందరికీ గదే ముక్కు, గవే రెండు చెవులు!"

పెళ్ళిచూపుల్లో ఆయన గంటసేపు దెబోరా పాదాలే చూశాడు. పిల్ల నచ్చిందా అని పెద్దలు అడిగితే, "మడమ గట్టిది" అన్నాడు. పెళ్ళయిన కొత్తలో ఆమె చెల్లెలి చెప్పులేసుకొని అంగడిలో ఎదురుపడితే, "నమస్తే అమ్మా" అని మర్యాదగా తప్పుకొని పోయాడు. దెబోరా ఈ నమస్తేను ఇంకా మాఫ్ చేయలేదు.

ఒకనాటి పొద్దున సిద్దిరాములు పటేలు దుడ్డుకర్ర పట్టుకొని వాడ మీద పడ్డాడు.

"కనకవ్వా! నీ కుక్క నా పెట్టను తిన్నది. ఇయ్యాల దాని పని ఖతం!"

ముసలి కనకవ్వ కుక్కను కొంగుచాటుకు లాక్కుంది. "పటేలా, నీ కాళ్లు మొక్కుత. గది గూడ లేకుంటె నా ఇంట్ల ఎవలున్నరు?"

"ఉత్తగ నేనెందుకంట? జాడలున్నయి. సారును పిలువుండ్రి!"

ఆ విధంగా పాదశాస్త్రానికి చరిత్రలో తొలిసారి పిలుపు వచ్చింది. దెబోరా కూడా వెంట వెళ్ళింది. పటేలు కోళ్ళగూడు ముందు అలుకు చల్లిన వాకిట్లో జాడలు అచ్చుగుద్దినట్టున్నాయి. సారు గొంతు సవరించుకున్నాడు.

"పిల్లి గోర్లు లోపలికి ముడుసుకొని నడుస్తది. జాడల పడయి. కుక్కకు ముడుసుకునుడు రాదు. అడుగడుగుకు గోర్లు దిగుతయి."

"మరి చూసి చెప్పు సారూ!"

సారు వంగాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తలెత్తి కనకవ్వ మొహం చూశాడు. ఆయన ఒకరి మొహం చూడడం దెబోరా ఎన్నడూ ఎరుగదు.

సారు చెప్పులతో జాడల మీదుగానే ఆ చివరిదాకా నడిచి, అక్కడ నిలబడి తీర్పు చెప్పాడు. "గోర్లు లేవు. అడవిపిల్లి."

"నువ్వు తొక్కితివి గద సారూ!"

"తొక్కకముందే చూసిన."

కాళ్ళ విషయంలో సారు అబద్ధమాడడని తాలూకా అంతా ఎరుగును. పటేలు కర్ర దించాడు. కనకవ్వ కుక్కను పట్టుకొని భోరుమంది.

దారిలో దెబోరా గొణిగింది. "నేను గూడ చూసిన. నాలుగు గోర్లు, సూదుల్లెక్క!"

"నీ కండ్లు జర డాక్టరుకు చూపించాలె."

శనివారం, మరునాటి కూరకని దెబోరా మేపుకున్న పెట్ట మాయమైంది. వాకిట్లో జాడలు, గోర్లతో సహా.

"గిది గూడ అడవిపిల్లేనా?"

"పిల్లే" అన్నాడు సారు, ఆమె పాదాల వైపు చూస్తూ.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక వాళ్ళింట్లో పప్పు తిన్నారు.