తూకం చూసి కొన్న రేసుకారు

వరంగల్ బజారులో నా అంత గట్టిగా బేరమాడి, నా అంత ఘనంగా నష్టపోయినవాడు ఇంకొకడు లేడని ఈ వయసులో ధైర్యంగా చెప్పుకోగలను. మొన్న మా మనవరాలు పాతకాలపు రేసుకార్ల కిట్లు, అంటే ముక్కలు అతికించి బొమ్మకారు తయారుచేసుకునే డబ్బాలు, ఫోన్‌లో చూపించి ఏది మంచిదో చెప్పమంటే, ముందు బరువెంతని అడగబోయి నాలుక కరుచుకున్నాను.

మాది కిరాణా కొట్టు. నాన్న పోయాక గల్లాపెట్టె దగ్గర అన్న, బస్తాల దగ్గర నేను. ఓ ఏడు అన్న నిచ్చెన మీంచి జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పాక వేళ్లు వంగలేదు. కాగితం మడిచి, పైనుంచి వేలాడే దారం లాగి, చూడకుండానే పొట్లానికి ముడివేసే మనిషి, పావుకిలో పప్పు కట్టలేక గిరాకీల ముందు చెమటలు కక్కేవాడు. "పొట్లం గట్టరానోనికి గల్లా ఎందుకు తమ్మీ, నువ్వే కూసో" అని తాళాలు నా ముందు పెట్టిన రోజున నాకు నిజంగా భయమేసింది. డాక్టరేమో వేళ్లకు పని చెప్పండి, మొదట పెద్ద వస్తువులు, తర్వాతే చిన్నవి అన్నాడు. కేలండర్లలోని రేసుకార్ల బొమ్మలు కత్తిరించి దాచుకునే అలవాటు అన్నకు చిన్నప్పటినుంచీ ఉంది కనుక, హన్మకొండ చౌరస్తా దగ్గరి బొమ్మల దుకాణం ముందు పొద్దున్నే, షటరు ఎత్తీ ఎత్తకముందే, వెళ్లి నిలబడ్డాను. బోణీకి వచ్చినవాణ్ణి ఉత్తచేతులతో పంపడానికి ఏ దుకాణదారుకూ మనసొప్పదని కొట్లో పుట్టిన నాకు ఒకరు చెప్పాలా?

అక్కడ రెండు డబ్బాలున్నాయి. ఒకటి ఎర్రకారు, ముప్పై పెద్ద ముక్కలు, నొక్కితే అతుక్కుంటాయి, నాలుగువందలు. రెండోది పొడుగు ముక్కూ, బయటికి పొడుచుకొచ్చిన చక్రాలూ ఉన్న ఆకుపచ్చ కారు. రెండువందల పైచిలుకు ముక్కలు, జిగురూ రంగులూ విడిగా కొనుక్కోవాలి, ఆరువందలు. చేత్తో ఎత్తి చూస్తే రెండోది బరువుగా ఉంది. అంతే, డాక్టరు మాట గాలికి పోయింది. "బోణీ టైంల గింత గుంజుతరా భాయ్" అని దుకాణదారు మొత్తుకున్నా, నూటయాభై తగ్గించేదాకా గుమ్మం దిగలేదు. యాభై ఎక్కువిచ్చి నూటడెబ్బై ముక్కలు అదనంగా కొట్టేశానని దారంతా మురిసిపోయాను.

కొట్టుకు తెచ్చి డబ్బా విప్పితే స్టీరింగు శనగబద్దంత ఉంది. అన్న పట్టుకోబోతే జారింది, మళ్లీ పట్టుకోబోతే ఎగిరి కందిపప్పు బస్తాలో పడింది. "నా చెయ్యి జూసి తెచ్చినవారా, తూకం జూసి తెచ్చినవా?" అన్నాడు. నేను బస్తాలో మోచేతిదాకా చెయ్యి దూర్చి స్టీరింగు వెతకసాగాను. తీర్పు వదిన చెప్పింది: "పెద్దయి నువ్వు వట్టు. చిన్నయి తెచ్చినోడే అతికిస్తడు."

అలా మధ్యాహ్నాలు గిరాకీ పలచబడ్డాక వదిన ప్లాస్టిక్ చట్రాల నుంచి ముక్కలు కత్తిరించి ఇవ్వడం, అన్న టైర్లూ బానెట్టూ పట్టుకుని కూర్చోవడం, నేను కళ్లు చికిలించుకుంటూ జిగురు రాసి ఒకసారి బానెట్టుకు, ఇంకోసారి తక్కెడ పళ్లేనికి స్వయంగా అతుక్కుపోవడం. నన్ను ఊడదీసే పని మాత్రం అన్నదే, అదీ వదిన హుకుం మీద కుడిచేత్తోనే. నెలలు గడిచాయి. ఒకరోజు ఎనుమాముల మార్కెట్ నుంచి మిర్చి బస్తాలు వేసుకుని వచ్చేసరికి అన్న గల్లా ముందు కూర్చుని గిరాకీకి పొట్లం అందిస్తున్నాడు. ముడి వంకరగా ఉంది, విడిపోలేదు. నా నడుము నుంచి తాళాలు అడగకుండానే లాక్కున్నాడు.

ఇప్పుడు కొట్టు నిండా సీలు వేసిన ప్యాకెట్లే, ధర కూడా వాటి మీదే అచ్చు. మధ్యాహ్నం పూట ముగ్గురు మనుషులు ఒక బొమ్మకారు మీదికి తలలు వంచి తిట్టుకుంటూ కూర్చునేంత తీరిక మాత్రం ఏ ప్యాకెట్లోనూ దొరకదు.

ఇక లెక్క. కారు నాలుగువందల యాభై, రంగులు నూటఎనభై, జిగురు అరవై, పట్టకారు నలభై, పాడైన తక్కెడ పళ్లెం నూటఇరవై, వెరసి ఎనిమిదివందల యాభై. ఎర్రకారు కొంటే నాలుగువందలతో పోయేది. అన్న చెయ్యి బాగైంది కదా అని మావాళ్లు నా పేరున జమ వేయబోతారు గానీ, అది డాక్టరు మాట, వదిన ఓపిక. నా బేరానికి అందులో నయాపైసా వాటా లేదు.