ఎర్ర బండిలో సర్కారు వాటా

నేను ఒకసారి కారు గెలిచాను. హుకుంపేట సంతలో వేలమంది చూస్తుండగా మైకులో నా పేరు పిలిచి, మెడలో దండ వేసి మరీ ఇచ్చారు.

కారు కాదులెండి, మోటారు సైకిలు. వేలమంది అన్నది కూడా కొంచెం ఎక్కువే. ఉన్నవాళ్లలో సగం మంది మేకల బేరంలో పడి మాకు వీపు చూపిస్తున్నారు. దండ మాత్రం నిజం. బండి ఎర్రగా ఉందన్నదీ నిజం. ఇచ్చారన్నదే అన్నిటికంటే పెద్ద అబద్ధం. అది తలుచుకుంటే ఇప్పటికీ నోట్లో వేపాకు నమిలినట్టుంటుంది.

చలి మొదలయ్యే రోజుల్లో, మైదానం నుంచి వచ్చి హుకుంపేటలో స్థిరపడిన ఒక సావుకారి కొట్లో మా ముసలిదానికి చీర, నాకు రగ్గు కొన్నాను. బిల్లుతో పాటు లక్కీ డ్రా కూపను ఇచ్చాడు. పేరు రాయించి కొట్లో ఉన్న డబ్బాలో వేసి మరిచిపోయాను. మిరియాలు కోతకొచ్చేసరికి డ్రా తీశారు, నా కూపను వచ్చింది. అట్టతో చేసిన తాళంచెవి, తలుపంతది, నా చేతికిచ్చి ఫోటో తీశారు.

ముసలిదాని కళ్లకి పొర కమ్ముతోంది. అరకు ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే కొండ దిగి బస్సు కోసం పడిగాపులు కాయాలి. ఇక బండి మీద వెనక కూర్చోబెట్టుకుని పోవడమే అనుకున్నాను. అసలు తాళంచెవి కోసం చెయ్యి చాపాను.

"తాతా, బండి నీదే. కాపోతే టేక్సు కట్టాల," అన్నాడు సావుకారి.

"ఏటి టేక్సు?"

"లాటరీల వచ్చిందానికి నూటికి ముప్పై సర్కారుకి. ఆపైన సెస్సు. డబ్బయితే మేమే పట్టుకుని మిగతాది ఇచ్చేద్దుం. ఇది బండి గదా! ముందు నువ్వు టేక్సు సొమ్ము తెచ్చి కడితేనే తాళం."

వాటా అంటే మాకు కొత్త కాదు. వేటలో జంతువు పడితే కొట్టినవాడికి తలకాయ, మిగతా మాంసం ఇంటింటికీ పోగులు. వేటలు తగ్గినా పద్ధతి పోలేదు. తేనెపట్టు దొరికితే ఇప్పటికీ ప్రతి గడపకీ గరిటెడు పోస్తాం. కానీ జంతువులోంచే కదా వాటా తీస్తాం! నీ వాటా మాంసం నాకు ముందు బయట కొనితెచ్చి ఇయ్యి, ఆ తర్వాత జంతువుని ముట్టుకో అని మా పల్లెలో ఎవడైనా అంటే వాణ్ణి కుక్కలు కూడా వాసన చూడవు.

అందుకే న్యాయంగా చెప్పాను. "అయితే ఆళ్ల వాటా ఆళ్లని తీసుకోమను బాబూ. ఎనక చక్రం ఇప్పుకోండి. సాలకపోతే సీటు కూడా. మిగతాది నాకిచ్చెయ్యి."

కొట్లోవాళ్లు పడీపడీ నవ్వారు. వాళ్లని ఏడిపించడానికే అన్నానని తర్వాత పల్లెలో చెప్పుకున్నాను. అబద్ధం. నిజంగానే అన్నాను. చక్రం మళ్లీ ఎక్కడ దొరుకుతుందా అని కూడా ఆలోచించాను.

"నా సంపాదనకి అసలు టేక్సే లేదు గదా?" అన్నాను.

"ఆ లెక్క లాటరీకి సెల్లదు తాతా. కోటీశ్వరుడికైనా నీకైనా ముప్పయ్యే."

"కొండోళ్లకి తగ్గింపేటీ లేదా?"

"ఈశాన్యం కొండలోళ్లకేదో ఉందంట. మనకి లేదు."

పుట్టేముందు కొండ ఏ దిక్కున ఉందో చూసుకుని పుట్టాలన్నమాట.

అప్పుడు సావుకారి గొంతు తగ్గించాడు. "పోనీ, నేను కట్టేత్తాను. ఈయేడు నీ మిరియాలు, కాఫీ నాకే ఎయ్యి. రేటు నేను సెప్పిందే. ఏటంటావు?"

ఇంటికి రాగానే ముసలిది అడిగింది. "ఒప్పుకున్నావేటి?"

"మొహమ్మీదే ఉమ్మేసొచ్చాను."

"నువ్వా! దణ్ణమెట్టొచ్చుంటావు."

దణ్ణమే పెట్టాను. ఆలోచించి చెప్తాను బాబూ అని కూడా అన్నాను.

"ఆ బండిని నువ్వు పెంచావేటి? మిరియాల పాదులు నేను పెంచాను," అంది ముసలిది. "దొరికిందాని కోసం పెంచినదాన్ని ఆడి కాళ్లకాడ పోత్తామేటి? నా కళ్లకి బస్సు సాలు."

మరుసటి సంతకి వెళ్లి వద్దన్నాను. "నీ ఇట్టం తాతా," అని సావుకారి చీరల వైపు తిరిగిపోయాడు. కొన్నాళ్లకి కొట్టు ముందు బండి కనిపించలేదు. సావుకారి బావమరిది ఎక్కి తిరుగుతున్నాడని అందరికీ చెప్పాను. ఎవడు ఎక్కాడో నాకు తెలియదు.

బండి పోయింది కానీ నేను పోలేదు. కొట్టు నెత్తిన పెద్ద ఫ్లెక్సీ. అందులో దండతో, అట్ట తాళంచెవితో, ఉన్న నాలుగు పళ్లూ బయటపెట్టి నేను! దాన్ని చూసి జనం కూపన్ల కోసం రగ్గులు కొంటున్నారు. సంతకెళ్తే చాలు, "తాతా, బండేది? మా వాటా విందేది?" అని మావాళ్ల వేళాకోళం. తీసెయ్యమంటే సావుకారి, "అది కొట్టుది తాతా," అన్నాడు. నా మొహం మీద నాకే హక్కు లేదు. దానికి మాత్రం టేక్సు లేదు.

ఒకనాడు గాలికి ఫ్లెక్సీ ఒక మూల ఊడి వేలాడింది. పట్టుకుని లాగేశాను. మడిచి చంకలో పెట్టుకుంటుంటే సావుకారి బయటికొచ్చాడు.

"తాతా, ఏటది?"

"నా మొహం. దీనికీ ముప్పై కట్టాలా?" అన్నాను.

అనలేదు. ఆ మాట దారిలో తట్టింది. అక్కడ మాత్రం బేగి బేగి నడిచి వచ్చేశాను.

ఆ ఏడు మొదట అమ్మిన మిరియాల సొమ్ముతో ముసలిదాన్ని బస్సులోనే అరకు తీసుకెళ్లాను. కంటి పొర తీశారు. తిరిగొచ్చాక, మిగిలిన మిరియాలు ఎండబెట్టడానికి వాకిట్లో ఫ్లెక్సీ పరిచాను. ముసలిది బుట్ట చంకన పెట్టుకుని వచ్చి, వంగి, నా బొమ్మని చాలాసేపు చూసింది.

"ఆళ్ల ముందు ఇలా ఇకిలించావేటి?" అని, బుట్టెడు మిరియాలూ నా పళ్ల మీద కుమ్మరించింది.